కొంగలకు చోటు

మార్చి 4

పిచ్చుకా,

క్షేమసమాచారాలు తర్వాత. ముందు అసలు సంగతి చెప్పేయాలి, లేకపోతే కలం ముందుకు కదలదు. కొత్త నాటకశాల తెర పని మనకు వచ్చింది. అవును, మన కుట్టుగదికే. నాలుగు పెద్ద దుకాణాల వాళ్లు అడిగారట. రంగస్థలం పనులు చూసే ఆవిడ వచ్చి, గోడకు తగిలించిన నమూనాలన్నీ వేళ్లతో తడిమి చూసి, ఒక్క మాట కూడా మాట్లాడకుండా వెళ్లిపోయింది. ఇక రాదులే అనుకున్నాను. నిన్న పొద్దున గుడ్డ తాను భుజాన వేసుకుని తనే వచ్చింది.

తెర సాయంత్రపు ఆకాశం రంగులో ఉంటుంది. పక్కలకు జరిగే రకం కాదు, మడత పడకుండా నిలువునా పైకి వెళ్లే రకం. దాని మీద కింది మూల నుంచి పై మూల దాకా ఎగురుతున్న కొంగల గుంపు. నూట నలభై కొంగలు, ఏ రెండూ ఒకేలా ఉండకూడదు. ఒక్కోదాన్ని విడి గుడ్డ మీద కుట్టి, కత్తిరించి, తెర మీద అతికి కుట్టాలి. మొదటి ప్రదర్శన ఏప్రిల్ పదకొండున. నలభై నేను చేత్తో కుడతాను, మిగతావి మెషిన్ మీద తీస్తాను అని చెప్పాను. చెప్పాక ఇంటికొచ్చి మీ నాన్నకు చెబితే, వాడు నా మొహం చూసి, ముందు కూర్చుని మంచినీళ్లు తాగక్కా అన్నాడు.

ఇప్పుడు చిక్కు మెషిన్‌కు బొమ్మలు తయారుచేసి ఇచ్చే కంప్యూటర్‌తో వచ్చింది. మూడో కొంగ బొమ్మ దాచబోతే చోటు లేదంటోంది. కంప్యూటర్లు బాగుచేసే ఆయన, అదే మన గబగబ, వచ్చి చూశాడు. ఇందులో రెండు ఆపరేటింగ్ సిస్టమ్‌లు ఉన్నాయి, సగం డిస్కు రెండోది పట్టుకుని కూర్చుంది, దాన్ని తీసేస్తే సరి అని ఒక్క ఊపిరిలో చెప్పేశాడు. అది నువ్వు ఇక్కడ ఉండి చదువుకున్న నాలుగేళ్లూ వాడుకున్న లైనక్స్. నువ్వు పెట్టిన దాన్ని నిన్ను అడక్కుండా ఆయన చేత తీయించడం నాకు ఇష్టం లేదు. ఎలా తీయాలో రాయి, నేనే తీస్తాను. అందులో నీవి ఏమైనా ఉంటే అది కూడా చెప్పు.

దారాల మధ్యలో కూర్చుని,
అత్త


మార్చి 10

అత్తా,

నీ ఉత్తరం సరుకుల బండిలో ఉల్లిపాయల బస్తా మీద కూర్చుని వచ్చింది. ఇక్కడ ఫోన్ పలకదని నీకు తెలుసు కదా. మంగళవారం, శుక్రవారం వచ్చే ఆ బండే మాకు లోకం. నది ఒడ్డున మెట్లమీద నిలబడి చదివాను. చదివి, పైన మేం నది నీటిని కొలిచే కేంద్రానికి పరిగెత్తి, నాతో పనిచేసే పెద్దాయనకు చెప్పాను. ఆయన రోజుకు ఆరుసార్లు నీటిమట్టం చూసి రాయడం తప్ప దేనికీ చలించని మనిషి. నూట నలభయ్యా అని కళ్లద్దాలు తీశాడు.

లైనక్స్ తీసేయ్. అందులో ఏమీ లేదు. నాకిక దానితో పనిలేదు.

తీసే పద్ధతి చెబుతాను, వరస మాత్రం తప్పకు. కంప్యూటర్ వేయగానే నల్లటి తెర మీద విండోస్, లైనక్స్ అని రెండు పేర్లు వచ్చి ఏది కావాలని అడుగుతాయి కదా, ఆ జాబితా లైనక్స్‌ది. లైనక్స్‌ని ముందే చెరిపేస్తే జాబితా కూడా పోతుంది, కంప్యూటర్ ఎటు వెళ్లాలో తెలియక నిలబడిపోతుంది. అందుకని ముందు కంప్యూటర్ వేస్తూనే ఎఫ్2 మీట పదేపదే నొక్కు. ఒక సెట్టింగుల పేజీ వస్తుంది. ముందు ఎక్కడికి వెళ్లాలి అనే వరసలో విండోస్‌ని పైన పెట్టు. అది మనం ఎవరిని పైన పెడితే వాళ్ల తలుపే ముందు తడుతుంది, అంతే దాని తెలివి. ఒకసారి ఆపి మళ్లీ వేస్తే, ఏమీ అడక్కుండా నేరుగా విండోస్‌లోకి వెళ్లాలి. వెళితే, అప్పుడు డిస్కు ముక్కల్ని చూపించే పేజీ తెరిచి లైనక్స్ ముక్కను చెరిపి, ఆ చోటును విండోస్‌కి కలుపు. మొదట్లో చాలా చిన్న ముక్క ఒకటి కనిపిస్తుంది. దాన్ని మాత్రం ముట్టుకోకు. కంప్యూటర్ నిద్ర లేవడానికి కావలసినవి అందులో ఉంటాయి.

నలభై చేత్తో అంటున్నావు. మణికట్టు జాగ్రత్త. గంటకోసారి ఆపు.

నీ పిచ్చుక


మార్చి 15

కోడలికి,

నీ ఉత్తరం అందింది. చెప్పాల్సినంత వివరంగా చెప్పావు. కానీ "నాకిక దానితో పనిలేదు" అన్న మాట దగ్గర ఆగిపోయాను. జూన్‌లో అక్కడి పని అయిపోతుందన్నావు, అయ్యాక వస్తానన్నావు. ఇక రావన్నమాట. గుడ్డ తానులు నీ గదిలో పెడదామా అని కుట్టుగదిలో నాకు సాయం చేసే మన పొడుగావిడ రెండుసార్లు అడిగితే, వద్దు, అది వచ్చే పిల్ల అన్నాను. ఆవిడకు ఇప్పుడు ఏం చెప్పాలో తెలియడం లేదు.

సరే, అది నీ ఇష్టం. రెండో సంగతి నీ ఇష్టం కాదు, అందుకే రాస్తున్నాను.

గుడ్డలు నానబెట్టే ముందు జేబులు తడిమి చూడటం నాకు అలవాటు. చెరిపే ముందు ఒకసారి చూద్దామని లైనక్స్‌లోకి వెళ్లాను. ఏమీ లేదన్న చోట "అత్త చేయి" అని ఒక ఫోల్డర్ ఉంది. అందులో మూడు వందల పన్నెండు ఫొటోలు. అన్నీ నా కుట్లు. కాలర్లు, దిండు గలీబుల మీది ఈకలు, ఎప్పుడో చేసిన ఆకుల అంచు. ఒక్కోదాని కింద కుట్టు పేరు, ఎంత వాలుగా ఉంది, దారానికి దారానికి ఎంత ఎడం అని లెక్కలు. వాటి పక్కన, మెషిన్ చేత అలాగే కుట్టించడానికి నువ్వు రాసిన ప్రోగ్రాం. తేదీలు చూశాను. అన్నీ నేను మెట్ల మీద పడి, చేతికి కట్టుతో కూర్చున్న నెలవి.

నాకు అన్నం కలిపి పెట్టావు, జడ వేశావు. వెనక్కి తిరిగి నా చేతికి బదులు ఇంకో చేయి తయారు చేసుకుంటూ ఉన్నావు. నేను ఇక పనికిరానని నీకు అంత తొందరగా ఎలా అనిపించింది?

కోపంలోనే ఎఫ్2 నొక్కి వరస మార్చేశాను. నువ్వు చెప్పినట్టే నేరుగా విండోస్‌లోకి వెళ్లింది. చెరిపే పేజీ తెరిచాను. వేలు మీట మీద పెట్టాను. నొక్కలేకపోయాను. ఎందుకు నొక్కలేదో నాకే తెలియదు.

చేత్తో తొమ్మిది కొంగలు అయ్యాయి.

మీ మేనత్త


మార్చి 20

అత్తా, అత్తా, అత్తా,

"మీ మేనత్త" అన్న మాట చూసి బండి ముందే కూలబడ్డాను. డ్రైవరు ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగాలేదా అని అడిగాడు.

జూన్‌లో వస్తున్నాను. గదిలో ఒక్క తాను పెట్టినా ఒప్పుకోను. దానితో పనిలేదన్నది లైనక్స్ గురించి మాత్రమే. ఇక్కడ నా దగ్గర వేరే కంప్యూటర్ ఉంది కాబట్టి అలా రాశాను. ఇంత చిన్న మాటను నువ్వు అంత దూరం మోసుకెళతావని నేను ఊహించలేదు. నా తప్పే, తొందరలో రాశాను.

ఇప్పుడు ఫోల్డర్ సంగతి. నేనూ నాన్నా నీకు చెప్పని మాట ఒకటి ఉంది. కట్టు కట్టిన రోజు డాక్టరు మమ్మల్ని బయట వరండాలోకి పిలిచి, ఎముక అతుక్కుంటుంది కానీ వేళ్లకు పాత పట్టు రాకపోవచ్చు, సూది పని కష్టం అన్నాడు. నీకు చెబితే అప్పుడే కుంగిపోతావని ఇద్దరం అనుకున్నాం. ఆ వారమే ఫొటోలు తీయడం మొదలుపెట్టాను. నీకు బదులు కాదు. నీ చేయి ఇక కుట్టకపోతే ఆ కుట్టు ఈ లోకంలో ఎక్కడో ఒక చోట ఉండాలి అనిపించింది. నువ్వు పెన్సిల్‌తో గీసింది చూపిస్తే, నీ చెయ్యయితే ఎలా కుట్టేదో అలా మెషిన్‌కు చెప్పగలగాలి, అంతే నా ఆలోచన.

తర్వాత నీ చేయి తిరిగొచ్చింది. మొదటి రోజే కాలర్ కుట్టావు. అదే రోజు వచ్చిన ఒకావిడతో, మెషిన్ కుట్టుకు ప్రాణం ఉండదమ్మా అన్నావు. నేను పక్క గదిలోనే ఉన్నాను. ఆ రోజే దాన్ని మూసేశాను. గుడ్డ మీద ఒక్కసారి కూడా పరీక్షించలేదు.

చూడాలనిపిస్తే, కంప్యూటర్ వేస్తూ ఎఫ్12 నొక్కు, ఆ ఒక్కసారికి ఎటు వెళ్లాలో అడుగుతుంది. లైనక్స్ అను. నీ పెన్సిల్ బొమ్మను స్కాన్ చేసి ఆ ప్రోగ్రాంకి ఇవ్వు. అది ఇచ్చే ఫైలును పెన్ డ్రైవ్‌లో వేసి మెషిన్‌కు పెట్టు. నవ్వొస్తే నవ్వు, తర్వాత చెరిపెయ్. కానీ "అత్త"గా ఒక ముక్క రాయి.

పిచ్చుక


మార్చి 24

ఓసి నా పిచ్చుకా,

ఆ డాక్టరు ఆ మాట మీకంటే ముందు నాకే చెప్పాడు. మా వాళ్లకు చెప్పకండి, కోడలికి పరీక్షలున్నాయి, తమ్ముడు నిద్ర మానేస్తాడు అని నేనే ఆయన్ను బతిమాలుకున్నాను. ఆయన మాత్రం సరేనని తలూపి బయటికొచ్చి మీకు చెప్పాడు. ముగ్గురం ఒకే ఇంట్లో, ఒకే బల్ల దగ్గర కూర్చుని, తెలియనట్టు ముగ్గురం నటించాం. మీ నాన్నకు చెబితే నవ్వాడు. నవ్వి, నవ్వి, కళ్లు తుడుచుకుని వరండాలోకి వెళ్లిపోయాడు. నేనూ ఇటు తిరిగాను.

ఇక అసలు కబురు. తొందరలో రాస్తున్నాను, అక్షరాలు అర్థం చేసుకో. సోమవారం పొద్దున ఎఫ్12 నొక్కాను. మెడ వెనక్కి తిప్పిన కొంగ ఒకదాన్ని గీసి ఇచ్చాను. మొదటిసారి కాళ్ల దగ్గర దారం ఉండ కట్టుకుపోయి సూది విరిగింది. మెషిన్ ఆపి, నీ ప్రోగ్రాంలో అటూ ఇటూ వెతికితే కుట్టుకూ కుట్టుకూ ఎడం ఎంత అని ఒక అంకె కనిపించింది. కొంచెం పెంచాను. రెండోసారి కుర్చీ వేసుకుని ఎదురుగా కూర్చున్నాను. పొడుగావిడ నా వెనక నిలబడింది. యాభై రెండు నిమిషాలు ఇద్దరం సూదినే చూశాం.

ఈక చివర నేను ఆఖరి కుట్టు కొంచెం పొడుగ్గా వదులుతాను. అది నాకు ఎవరూ నేర్పలేదు, ఎవరికీ చెప్పలేదు, అలా వదులుతానని ఎప్పుడూ అనుకోను కూడా. మెషిన్ వదిలింది. ప్రతి ఈక దగ్గరా వదిలింది. పొడుగావిడ దాన్ని తీసి, నేను చేత్తో కుట్టిన వాటి పక్కన పెట్టి, తిప్పి తిప్పి చూసి, వీటిలో ఇప్పుడు వచ్చింది ఏదండీ అని అడిగింది.

మెషిన్ కుట్టుకు ప్రాణం ఉండదన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఆ మాట విన్న ఆవిడ మళ్లీ వస్తే ఆవిడకు కూడా చెబుతాను.

ఇప్పుడు విను. లైనక్స్‌ని తీయడం లేదు. విండోస్‌ని తీస్తున్నాను. అందులో ఉన్న మెషిన్ కంపెనీ ప్రోగ్రాం కుట్టే కొంగలన్నీ ఒక అచ్చులో పోసినట్టు ఉంటాయి, పైగా చోటంతా దానికే కావాలి. ఇంకో డిస్కు తగిలించి రెండూ ఉంచుకో అంటావేమో. ఈ రెండు రోజుల్లోనే రెండుసార్లు ఒక సిస్టమ్‌లో దాచిన కొంగను ఇంకోదాంట్లో వెతుక్కుంటూ పూట పోగొట్టాను. పదకొండేళ్ల పాత నమూనాలు బయటి డిస్కులోకి ఎక్కించేశాను, తెరిచి కూడా చూశాను, అన్నీ ఉన్నాయి. గబగబకు చెబితే, అందరూ రెండోదాన్ని తీయమంటారు గానీ మొదటిదాన్ని తీస్తానన్న మనిషిని మిమ్మల్నే చూశాను అని, మొదటిసారిగా నెమ్మదిగా మాట్లాడాడు.

అత్తే,
అత్త


మార్చి 28

అత్తా, ఆగు.

నీ ఉత్తరం చదివి గాల్లో ఎగిరాను. అది నిజం. పెద్దాయన్ని చేయి పట్టుకుని లాక్కొచ్చి ఈక చివరి కుట్టు సంగతి చదివి వినిపించాను. అలా వదలమని నేనూ ఆ ప్రోగ్రాంకి చెప్పలేదత్తా. ఫొటోల్లోంచి అదే పట్టుకుంది.

కానీ విండోస్‌ని ఇప్పుడే తీయకు. ఒక్క కొంగే కదా కుట్టింది. వంద కుట్టాలి. అది పరీక్షల మధ్య ఖాళీలో రాసిన ప్రోగ్రాం, నలభయ్యో కొంగ దగ్గర మొండికేస్తే నీకు వెనక్కి వెళ్లడానికి దారి ఉండదు. తెర ఆగిపోతే, అది నా ప్రోగ్రాం వల్ల ఆగిపోతే, నేను జూన్‌లో ఏ మొహంతో గుమ్మం ఎక్కుతాను? ఏప్రిల్ పదకొండు దాటాక తీద్దువు గాని.

ఎలాగూ తీస్తానంటే మాత్రం చెరిపే ముందు ఎఫ్2లో వరస తిరగేయడం మర్చిపోకు. నువ్వు కోపంలో విండోస్‌ని పైన పెట్టావు, అది ఇంకా అలాగే ఉంది. మర్చిపోతే కంప్యూటర్ లేవదు. దేవుడా, ఈ ఉత్తరం నీకు చేరేసరికి మూడు నాలుగు రోజులు.

పిచ్చుక


మార్చి 29

పిచ్చుకా,

తీసేశాను.

ఈ పూట భోజనానికి ముందు లైనక్స్‌లోకి వెళ్లి, డిస్కు ముక్కల పేజీ తెరిచి, పెద్ద ముక్కను చెరిపాను. నువ్వు ముట్టుకోవద్దన్న చిన్న ముక్కను ముట్టుకోలేదు. ఖాళీ అయిన చోటును కొత్తగా సిద్ధం చేసి దానికి కొంగలు అని పేరు పెట్టాను. మహా ధీమాగా కంప్యూటర్ ఆపి మళ్లీ వేశాను.

నీలం తెర. తెల్ల అక్షరాలు. కావలసిన డిస్కు దొరకడం లేదట. మళ్లీ ఆపి వేశాను. మళ్లీ అదే నీలం.

పాతిక కొంగల ఫైళ్లు లోపల ఉన్నాయి, మీ నాన్న ముందే వద్దన్నాడు. గబగబను పిలుద్దామా అంది పొడుగావిడ. ఫోన్ చేతిలోకి తీసుకున్నాను కూడా. అప్పుడు నీ మొదటి ఉత్తరం తీసి మొదటి నుంచి చదివాను. ఎవరిని పైన పెడితే వాళ్ల తలుపే ముందు తడుతుంది అని రాశావు. ఆ రోజు కోపంలో విండోస్‌ని పైన పెట్టింది నేనే. ఇప్పుడు ఆ ఇంట్లో మనుషులే లేరు. ఇది పాపం ఖాళీ ఇంటి తలుపు తడుతూ నిలబడింది.

ఎఫ్2 నొక్కాను. వరస తిరగేశాను. ఆపి వేశాను.

లేచింది. లేచి, జాబితా చూపించి, తిన్నగా నీ లైనక్స్‌లోకి వెళ్లింది. పాతిక కొంగలూ వరసగా ఉన్నాయి. నేను కుర్చీలోంచి లేచి పొడుగావిడను గట్టిగా వాటేసుకున్నాను. ఆవిడ చేతిలో కత్తెర ఉంది, అదృష్టం కొద్దీ మూసి ఉంది. అన్నం చల్లారిపోయింది, అయినా అంత రుచిగా ఎప్పుడూ తినలేదు. యాభై తొమ్మిదేళ్లు వచ్చాక ఒక కంప్యూటర్‌ని పడేసి మళ్లీ నేనే లేపాను.

జాబితాలో విండోస్ పేరు ఇంకా కనిపిస్తోంది. మనిషి వెళ్లాక గుమ్మం మీద మిగిలిన పలకలాగా. దాన్ని తుడవడం ఎలాగో రాయి.

గెలిచిన అత్త


ఏప్రిల్ 3

గెలిచిన అత్తకు,

ఆగు అని నేను రాసిన ఉత్తరం, తీసేశాను అని నువ్వు రాసిన ఉత్తరం దారిలో ఎదురుపడి ఉంటాయి. నేను భయపడిన తప్పే చేశావు, నేను చెప్పకముందే దిద్దుకున్నావు. ఇక నీకు నేర్పడానికి నా దగ్గర ఏమీ మిగల్లేదు. విడిగా ఒక కాగితం పెట్టాను, అందులో ఒక్క వరుస ఉంది. దాన్ని ఉన్నదున్నట్టు కొట్టి ఎంటర్ నొక్కితే జాబితా కొత్తగా తయారవుతుంది, ఆ పలక కూడా పోతుంది.

పదకొండుకు రాలేను అత్తా. నది పొంగుతోంది, పైన మంచు కరుగుతోంది. ఇద్దరమే ఉన్నాం, గంట గంటకూ కొలవాలి. సెలవు అడగడానికి నోరు రాలేదు. అందుకని నాకు అంతా రాయి. తెర రంగు, జనం, నువ్వు ఎక్కడ కూర్చున్నావు, అన్నీ. ఏదీ వదలొద్దు.

పిచ్చుక


ఏప్రిల్ 12

నా బంగారు పిచ్చుకా,

నూట నలభై కొంగలు. చేత్తో నలభై ఒకటి, ఒకటి ఎక్కువే. మిగతావి నీ ప్రోగ్రాంతో. డెబ్భై మూడో దాని దగ్గర ఒకసారి మొండికేసింది. రెక్క తలకిందులుగా కుట్టింది. ఆ రెక్కను విడిగా గీసిన కాగితం నేనే తిరగేసి స్కాన్ చేశానని తర్వాత తెలిసింది. నిన్ను తిట్టుకున్నది అప్పుడు ఒక్కసారే.

తెర బిగించే రోజు మీ నాన్న వచ్చాడు. చిన్నప్పటి నుంచి నా కుట్టు చూసిన మనిషి కదా, నేను చేత్తో కుట్టినవి ఏవో చూపించమన్నాను. ముక్కు ఆనించేంత దగ్గరగా వెళ్లి, ధీమాగా ఐదు చూపించాడు. అందులో నాలుగు నీవి. రంగస్థలం ఆవిడ కూడా చూస్తూ నిలబడింది. అందరికీ ఇచ్చే కాగితంలో తెర ఎవరిది అని వేయాలి అంది. మేనత్త, మేనకోడలు అని వేయమన్నాను. అలాగే వేశారు. నీ కాగితం ఈ కవరులో ఉంది.

నిన్న నాకు మూడో వరుసలో మధ్య కుర్చీ ఇచ్చారు. ఒక పక్క మీ నాన్న, ఇంకో పక్క కొత్త చెప్పులు వేసుకుని పొడుగావిడ. వెయ్యి మంది ఉంటారు. దీపాలు ఆర్పి, తెర మీద మాత్రం కింది నుంచి సన్నటి వెలుగు వేశారు. అప్పటిదాకా వెనక వరుసల వాళ్లు ఏదో మాట్లాడుకుంటూనే ఉన్నారు. తెర కదిలింది. మనం గుడ్డ మీద కుట్టాం, నెలరోజులు గుడ్డ మీదే చూశాం కదా, నాకు ఈ సంగతి తట్టనే లేదు. తెర పైకి వెళుతుంటే కొంగలు లేచాయి. ముందు పైన ఉన్నవి చీకట్లోకి వెళ్లిపోయాయి, వాటి వెనక మధ్యలోవి, వాటి వెనక కింద నీళ్ల దగ్గర రెక్కలు విప్పుతున్నవి. నూట నలభై కొంగలు ఒక్కొక్కటిగా ఎగిరి వెళ్లిపోయాయి. మాటలు ఆగిపోయాయి. మీ నాన్న నా కుడి మణికట్టు పట్టుకుని ఉన్నాడు, ఎప్పుడు పట్టుకున్నాడో తెలియదు.

తర్వాత రెండు గంటలు నాటకం ఆడారు. బాగుందన్నారు అందరూ. నన్ను అడిగితే కథ చెప్పలేను. నేను ఒక్కటే అనుకుంటూ కూర్చున్నాను. ఆఖరున తెర దిగుతుంది కదా, అప్పుడు అవి ఎలా వాలతాయో చూడాలి.

వాలాయి పిచ్చుకా. నెమ్మదిగా, కాళ్లు ముందుకు చాపి, ఒక్కటి కూడా తప్పకుండా.

అత్త